అడిగితే చెబుతా: మంచు కరిగితే మనకేంటి?

పోయిన నెల ఈ పేజీలో ధ్రువాల గురించి, హిమాలయాల గురించి ఏమైనా అడగండి అన్నాను. ఎండలు మండుతున్నప్పుడు మంచు మాటెత్తితే ఎవరు రాస్తారులే అన్నారు సంపాదకులు. ఉత్తరాల కట్ట చూశాక మరో మాట అనలేదు. అన్నింటికీ జాగా లేదు కాబట్టి ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను. కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో: డిగ్రీ కాలేజీలో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాను, ఉండేది హన్మకొండ, పుట్టి పెరిగింది బెల్లంపల్లి బొగ్గుబాయిల దగ్గర.

హిమాలయాల్లో మంచంతా కరిగిపోతోందని, ఇంకో ఇరవై ఏళ్లకు గోదావరి ఎండిపోతుందని మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. నది ఒడ్డున మోటారు పెట్టుకుని వరి వేస్తున్నాం. నిజమేనా?
— ఒక రైతు, మంథని

అన్నా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. గోదావరిలో హిమాలయాల నీళ్లు ఒక్క చుక్క కూడా లేవు. అది నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరం కొండల్లో పుడుతుంది. మంజీర, మానేరు, ప్రాణహిత, ఇంద్రావతి, ఏది వచ్చి కలిసినా వాన నీరే. మంచుతో బతికేవి సింధు, గంగ, బ్రహ్మపుత్ర. వాటిలోనూ తేడాలున్నాయి. సింధుకు మంచు నీటి వాటా పెద్దది. గంగ మైదానంలోకి దిగి పట్నా దాకా వచ్చేసరికి వాన నీటిదే పైచేయి. హిమానీనదాలు, అంటే కొండల మీద మెల్లగా జారే మంచు మేటలు, కరుగుతున్న కొద్దీ అలాంటి నదుల్లో ముందు కొన్నేళ్లు నీళ్లు పెరుగుతాయి, ఆ తర్వాతే తగ్గడం మొదలవుతుంది. అందుకే ఇప్పుడు నిండుగా పారుతున్న నదిని చూపించి 'ఏదీ, ఎక్కడ తగ్గింది?' అని వాదించేవాళ్లు కూడా ఉంటారు.

మీ గ్రూపులో తిరిగే మాటకు పాత చుట్టమొకటి ఉంది. 2035 నాటికి హిమాలయాల్లో హిమానీనదాలు మాయమవుతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2007 నివేదికలో ఒక వాక్యం పడింది. దానికి సరైన ఆధారం లేదని తేలి 2010లో ఆ సంఘమే వెనక్కి తీసుకుంది. సంఘం వెనక్కి తీసుకున్నా ఫోన్లు తీసుకోలేదు. అలాగని కొండ మీద అంతా బాగుందని కాదు. ఖాట్మండులో పర్వత ప్రాంతాల మీద పరిశోధన చేసే ఇసిమోడ్ సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం, 2011-20 మధ్య హిందూకుష్ హిమాలయ హిమానీనదాలు అంతకుముందు పదేళ్లకంటే 65 శాతం వేగంగా కరిగాయి. కాలుష్యం ఇలాగే పెరిగితే ఈ శతాబ్దం చివరికి వాటి పరిమాణంలో 80 శాతం దాకా పోవచ్చు.

గోదావరికి మంచుతో నేరుగా సంబంధం లేదు కానీ మీ వానకు ఉంది. భారత వాతావరణ శాఖ మొదటి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ 1884లోనే రాశాడు: హిమాలయాల మీద మంచు ఎక్కువ పడ్డ ఏడాది మన దగ్గర వానలు వెనకబడుతున్నాయని. కారణం తేలికే. ఎండాకాలపు వేడి నేలను కాల్చాలి. ఆ వేడే మంచును కరిగించడానికి ఖర్చయిపోతే నేల ఆలస్యంగా కాగుతుంది, సముద్రం మీది గాలిని లాగే బలం తగ్గుతుంది. 1870ల చివర్లో వచ్చిన పెద్ద కరువు తర్వాత, వానను ముందే ఎలా పసిగట్టాలా అని వెతుకుతుంటే దొరికిన సంగతి ఇది. ఇప్పటి శాస్త్రజ్ఞులు దీనికి పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినోను, ఇంకా చాలా వాటిని జోడించారు.

నిజంగా మీరు భయపడాల్సింది మరోటి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, ఆ తేమ ఎక్కడో ఒకచోట కుమ్మరిస్తుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. అంతకు ముందు ఏడాది జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. ఎండిపోవడం సంగతి తర్వాత, ఈ వానాకాలం మీ మోటారును, స్టార్టర్ డబ్బాను ఒడ్డు నుంచి పైకి జరిపే ఏర్పాటు చూసుకోండి.

జనవరిలో మా ఊళ్లో పొద్దున్నే బకెట్లో చెయ్యి పెట్టలేం. భూమి వేడెక్కుతోందని నేనంటే మా తాత నవ్వుతున్నాడు. ఏం చెప్పాలి?
— డిగ్రీ విద్యార్థి, బేల, ఆదిలాబాద్ జిల్లా

తాతను నవ్వనివ్వు బిడ్డా, ఆయన చెప్పేది ఆ పొద్దుటి చలి గురించి. నువ్వు చెప్పేది ముప్పై నలభై ఏళ్ల సగటు గురించి. ఉత్తరాది నుంచి పొడిగాలి దిగి, ఆకాశంలో మబ్బు లేని రాత్రి అయితే మీ బేలలోనూ గిన్నెధరిలోనూ నేల వేడి అంతా పైకెగిరిపోతుంది. అది ఎప్పుడూ ఉన్నదే, ముందూ ఉంటుంది. కానీ లెక్కలు రాయడం మొదలైనప్పటి నుంచి ప్రపంచంలో అన్నిటికంటే వేడి ఏడాది 2024. ఆర్కిటిక్ ప్రాంతమైతే 1979 నుంచి మిగతా భూమి కంటే దాదాపు నాలుగింతల వేగంతో వేడెక్కింది. అక్కడే ఎందుకంటే, తెల్లటి తాజా మంచు తన మీద పడ్డ ఎండలో 80 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది. మంచు పోయి నల్లటి సముద్రం బయటపడితే, ఆ ఎండలో తొంభై శాతానికి పైగా మింగేస్తుంది. మింగిన కొద్దీ పక్కనున్న మంచు ఇంకా కరుగుతుంది.

ధ్రువపు ఎలుగుబంట్లు పెంగ్విన్లను తింటాయా?
— ఎనిమిదో తరగతి విద్యార్థిని, వరంగల్

దొరికితే తినేవే! ఎలుగుబంటి ఉండేది ఉత్తరాన ఆర్కిటిక్‌లో, పెంగ్విన్ ఉండేది దక్షిణాన. మధ్యలో భూగోళమంత దూరం. ఇంకో తేడా గుర్తుపెట్టుకో, పరీక్షకు పనికొస్తుంది. ఆర్కిటిక్ అంటే చుట్టూ నేల, మధ్యలో సముద్రం. అంటార్కిటికా అంటే చుట్టూ సముద్రం, మధ్యలో నేల. అందుకే ఆర్కిటిక్‌లో తేలే మంచు కరిగితే సముద్రం పెద్దగా పెరగదు. గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో నేల మీద పేరుకున్న మంచు సముద్రంలోకి చేరితే మాత్రం పెరుగుతుంది. ఒక్క గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే ఏడు మీటర్లకు పైనే. దానికి వందల, వేల ఏళ్లు పడుతుంది కాబట్టి ఈ రాత్రి హాయిగా పడుకో.

మేమిద్దరం రిటైరయ్యాం. చార్‌ధామ్ వెళ్లాలని ఎన్నాళ్ల కోరికో. అమెరికాలో ఉన్న మా అబ్బాయి 'అక్కడ కొండలు కూలుతున్నాయి, వద్దు' అంటున్నాడు. వెళ్లాలా వద్దా? వెళితే హెలికాప్టర్ మంచిదా?
— ఒక పాఠకురాలు, నక్కలగుట్ట, హన్మకొండ

వెళ్లండి అక్కా. కానీ ఎలాంటి చోటికి వెళ్తున్నారో తెలుసుకుని వెళ్లండి.

కేదార్‌నాథ్ గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉంది. దాని వెనకే చోరాబారీ హిమానీనదం. గుడి ఉన్న నేల ఒకప్పుడు ఆ హిమానీనదం తోసుకొచ్చి వదిలిన రాళ్లూ మట్టీనే. 2013 జూన్ 16, 17 తేదీల్లో వానలు ముందే వచ్చాయి. కొండ మీద మంచు ఇంకా కరుగుతూనే ఉంది. రెండు నీళ్లూ కలిసి చోరాబారీ చెరువును నింపాయి. దానికి కట్ట అంటే ఇంజనీర్లు కట్టింది కాదు, హిమానీనదం వదిలిన వదులు మట్టి. అది తెగింది. ఒక పెద్ద బండ కొట్టుకొచ్చి గుడి వెనక ఆగడంతో నీళ్లు రెండు పాయలై గుడి నిలిచింది. దాన్ని ఇప్పుడు భీమశిల అని పూజిస్తున్నారు. చుట్టూ ఉన్న లాడ్జీలు, దుకాణాలు, వేలమంది మనుషులు నిలవలేదు.

వాన లేకున్నా ప్రమాదం వస్తుందని 2021 ఫిబ్రవరి 7న తెలిసింది. చమోలీ జిల్లాలో రోంటీ శిఖరం నుంచి రాయీ మంచూ కలిసిన పెద్ద పెళ్ల ఊడి లోయలో పడింది. పడే వేగానికి ఆ మంచు నలిగి నీళ్లయి, బురద వరదై దిగింది. రిషిగంగ మీది చిన్న జలవిద్యుత్ కేంద్రం తుడిచిపెట్టుకుపోయింది. దాని కింద తపోవన్ దగ్గర కడుతున్న పెద్ద ప్రాజెక్టు సొరంగంలో కూలీలు చిక్కుకుపోయారు. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి 200 మందికి పైనే. ఆ రిషిగంగ కేంద్రం పక్కనే రైనీ గ్రామం. 1974లో గౌరాదేవి, ఊరి ఆడవాళ్లు చెట్లను కౌగిలించుకుని చిప్కో ఉద్యమాన్ని నిలబెట్టింది అక్కడే. మా కొండను కదిలించకండి అని అప్పుడే చెప్పిన ఊరు అది.

జోషీమఠ్ సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. పాత కొండచరియ మట్టి మీద కట్టిన ఊరు, ఇక్కడ తవ్వకాలు, పెద్ద కట్టడాలు వద్దని 1976లోనే మిశ్రా కమిటీ రాసిచ్చింది. 2023 జనవరికి గోడలు చీలాయి. మన బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో లెక్కగడితే, 12 రోజుల్లో ఆ నేల 5.4 సెంటీమీటర్లు కుంగింది. తర్వాత ఆ నివేదిక వెబ్‌సైట్లో కనిపించకుండా పోయింది. ఊరు కుంగిందని హైదరాబాద్‌లో కనిపెట్టగలిగాం గానీ, ఊరికి చెప్పడానికి మాత్రం మొహమాటపడ్డాం.

ఇవన్నీ చదివి 'అయితే అక్కడ రోడ్లే వద్దు, కరెంటే వద్దు' అనడం నాకు నచ్చదు. పురిటి నొప్పులొస్తే డోలీలో మోసుకుని దిగాల్సిన పల్లెలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. హన్మకొండలో ఏసీ కింద కూర్చుని వాళ్లకు రోడ్డు వద్దనడానికి మనమెవరం? కానీ పల్లెకు కావలసిన రోడ్డు వేరు, మన బస్సులు గంటకు అరవైతో పోవడానికి కొండను నిలువునా కోసిన రోడ్డు వేరు. పల్లెకు కరెంటు వేరు, ప్రతి వాగు మీదా ఒక డ్యామ్ వేరు. సిక్కింలో 2023 అక్టోబర్‌లో దక్షిణ లోనాక్ అనే మంచు చెరువు తెగినప్పుడు కింద చుంగ్‌థాంగ్ దగ్గర 1,200 మెగావాట్ల ప్రాజెక్టు డ్యామ్ కొట్టుకుపోయింది. ఆ చెరువు ప్రమాదకరమని ముందే తెలుసు. తెలిసిన ప్రమాదం కింద కట్టడాన్ని అభివృద్ధి అనడం నావల్ల కాదు.

ఇక మీ ప్రయాణం. మే నెల, జూన్ మొదట్లో, లేదా సెప్టెంబర్ చివర నుంచి గుడి మూసేదాకా మంచిది. జూలై, ఆగస్టులు వద్దే వద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అది ఊరికే ఫారం నింపడం కాదు, ఏదైనా అయితే మిమ్మల్ని వెతకడానికి ఉన్న జాబితా అదే. గుప్తకాశీలోనో సోన్‌ప్రయాగ్‌లోనో ఒక రాత్రి ఆగి ఒంటిని ఆ ఎత్తుకు అలవాటు పడనివ్వండి. పోలీసులు ఆపితే 'మాకు రిటర్న్ టికెట్ ఉంది' అని వాదించకండి. హెలికాప్టర్ నడవలేనివాళ్లకు తప్ప వద్దంటాను. లోయల్లో వాతావరణం నిమిషాల్లో తిరుగుతుంది, 2025 జూన్‌లో గౌరీకుండ్ దగ్గర కూలి ఏడుగురు పోయారు. పైగా అవి తిరిగేది కస్తూరి మృగాలున్న అభయారణ్యం మీద. రోప్‌వేకు 2025లోనే కేంద్రం ఒప్పుకుంది, అది వచ్చాక రోజుకు ఎంతమంది ఎక్కుతారో, అంతమందికి పైన మరుగుదొడ్లు ఎక్కడో చూడాలి. అన్నట్టు, నీళ్ల సీసాలు, పులిహోర కవర్లు మీ బ్యాగులోనే వెనక్కి తెండి. ఆ చలికి అక్కడ ఏదీ కుళ్లదు, వదిలింది వదిలినట్టే ఉంటుంది.

ఎవరెస్ట్ ఎక్కిన మా జిల్లా అమ్మాయి పూర్ణ అంటే మా బడిలో అందరికీ ఇష్టం. ఎవరెస్ట్ మీద చెత్త గుట్టలున్నాయంటున్నారు, నిజమా?
— తొమ్మిదో తరగతి విద్యార్థులు, నిజామాబాద్ జిల్లా

నిజమే. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎక్కింది టిబెట్ వైపు నుంచి, పద్నాలుగేళ్లు కూడా నిండలేదు అప్పటికి. రద్దీ, చెత్త ఎక్కువగా వినిపించేది నేపాల్ వైపు. ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లు, చిరిగిన టెంట్లు, డబ్బాలు, మనుషుల మలం. ఎక్కిన ప్రతి ఒక్కరూ ఎనిమిది కిలోల చెత్త కిందికి తేవాలని 2014లో నేపాల్ నిబంధన పెట్టింది. 2024 నుంచి మలాన్ని కూడా సంచుల్లో తేవాలన్నారు. నవ్వకండి, ఆ మంచు కరిగి వచ్చే నీళ్లే కింద షెర్పాల ఊళ్లు తాగేది. శిఖరానికి కాస్త కిందున్న సౌత్ కోల్ హిమానీనదంలో సుమారు రెండు వేల ఏళ్ల నాటి మంచు గత పాతిక ముప్పై ఏళ్లలోనే కరిగిపోయిందని 2022లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

మా నాన్న సింగరేణిలో పనిచేస్తారు. మా ఇల్లు, నా ఇంజనీరింగ్ ఫీజు అన్నీ బొగ్గే. కాలేజీలో వాతావరణ మార్పు మీద సెమినార్ పెడితే నాకు తప్పు చేసినట్టు అనిపించింది. ధ్రువాల్లో మంచు కరగడానికి మేమే కారణమా?
— ఒక విద్యార్థి, గోదావరిఖని

తమ్ముడూ, మా నాన్న కూడా బాయిలో దిగిన మనిషే. ఆయన తెచ్చిన జీతంతోనే నేను ఈ జాగ్రఫీ చదివాను. కాబట్టి నీకు ఊరికే ఓదార్పు మాటలు చెప్పను.

బొగ్గు కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది భూమిని వేడెక్కిస్తుంది, మంచు కరుగుతుంది. ఈ గొలుసులో రామగుండం చిమ్నీ కూడా ఉంది. కానీ వాటా చూడాలి. మన దేశంలో మనిషికి ఏడాదికి సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్క, అమెరికాలో సుమారు 14. పైగా గాలిలో ఇప్పుడున్నది ఈ ఏడాది పొగ ఒక్కటే కాదు, నూట యాభై ఏళ్లుగా పేరుకున్నది. ఆ పాత ఖాతా ఎక్కువగా ఎవరిదో నీకు తెలుసు. తప్పు చేసినట్టు అనిపించాల్సింది బాయిలో దిగేవాళ్లకు కాదు.

ఆ సెమినార్లో ఎవరూ చెప్పి ఉండని సంగతి ఒకటి చెబుతాను. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో స్వాల్‌బార్డ్ దీవులున్నాయి, నార్వేవి. అక్కడి ముఖ్య పట్టణం లాంగియర్‌బైన్, 78 డిగ్రీల అక్షాంశం. దాన్ని కట్టింది శాస్త్రజ్ఞులు కాదు, బొగ్గు కోసం వచ్చిన లాంగియర్ అనే అమెరికా వ్యాపారి, 1906లో. అచ్చం ఇల్లెందు, కొత్తగూడెం లాగా అదీ బాయి చుట్టూ పుట్టిన ఊరే. నాలుగు నెలలు సూర్యుడు కనబడని చోట వందేళ్లకు పైగా బొగ్గు తవ్వారు. ఆ దీవుల్లోనే న్యూ ఒలెసుండ్ అని ఇంకో బొగ్గు ఊరు ఉండేది. 1962 నవంబర్‌లో బాయిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. ఆ ప్రమాదం మీద విచారణ ముదిరి మరుసటి ఏడాది నార్వే ప్రభుత్వమే పడిపోయింది. బాయి మూసేశారు. ఆ కార్మికుల ఊరే ఇప్పుడు ప్రపంచ దేశాల పరిశోధన కేంద్రం. 2008లో మన దేశం 'హిమాద్రి' కేంద్రం పెట్టింది అక్కడే. 2014లో దగ్గరి సముద్రపు పాయలో 'ఇండార్క్' అనే పరికరాల వరుసను నీళ్లలోకి దింపారు, నీటి వేడి, ఉప్పదనం కొలవడానికి.

లాంగియర్‌బైన్ 2023లో బొగ్గు కరెంటు ఆపేసింది. దాని బదులు పెట్టింది ఏమిటో తెలుసా? డీజిల్! సోలార్, బ్యాటరీలు పూర్తిగా అందుకోవడానికి టైం పడుతుందని. నార్వే అక్కడి ఆఖరి బాయిని 2025లో మూసింది. డబ్బున్న దేశం, రెండున్నర వేల జనాభా ఉన్న ఊరు, వాళ్లకే ఇంత అవస్థ అయితే గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి లాంటి ఊళ్లకు ఎంత ముందుచూపు కావాలి? బొగ్గు ఎప్పటికీ ఉండదు, ఉండకూడదు కూడా. సింగరేణి సోలార్ ప్లాంట్లు పెడుతోంది. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ 2022 నుంచి పనిచేస్తోంది. బాగుంది. కానీ ఒక భూగర్భ గనిలో దొరికినన్ని ఉద్యోగాలు సోలార్ పలకలు తుడిస్తే దొరకవు. తండ్రి బదులు వచ్చే డిపెండెంట్ ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న పిల్లలకు ఏం చూపిస్తారు, ఓపెన్‌కాస్ట్ గుంతలను ఏం చేస్తారు, ఖాళీ అయిన క్వార్టర్లలో ఏం వస్తుంది? నువ్వు ఇంజనీరింగ్ చదువుతున్నావు, వచ్చే సెమినార్లో ఈ ప్రశ్నలు లేచి నిలబడి అడుగు. వాళ్లకు టెన్షన్ రావాలి, నీకు కాదు.

మేం గొర్లు కాసేవాళ్లం. ఆ మంచు దేశాల్లో మందలు మేపేవాళ్లు ఉంటారా? వాళ్లకేం కష్టం, ఎండ లేదు కదా?
— ఒక పాఠకుడు, హుస్నాబాద్

ఉన్నారు తమ్ముడూ. రష్యా ఉత్తరాన యమల్ ద్వీపకల్పంలో నెనెట్స్ అనేవాళ్లు, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ పైభాగాల్లో సామీలు రెయిన్‌డీర్ మందలు మేపుతారు. మీరు వానాకాలం, ఎండాకాలం మందను తోలుకుపోయినట్టే వాళ్లూ ఏటా వందల కిలోమీటర్లు తిరుగుతారు. చలికాలం ఆ జీవాలు గిట్టలతో మెత్తటి మంచు తవ్వి కింద ఉన్న లైకెన్ అనే నాచులాంటి మేత తింటాయి. ఎంత చలైనా వాటికి లెక్కలేదు. వాటిని చంపేది వాన. గడ్డకట్టే కాలంలో మంచు పడాల్సిన చోట వాన పడి, వెంటనే గడ్డకడితే నేల మీద గాజు పలక పరిచినట్టవుతుంది. గిట్ట దిగదు. మేత కళ్ల ముందే ఉంటుంది, నోటికందదు. 2013 నవంబర్‌లో యమల్‌లో అలా వాన పడి, ఆ చలికాలంలో సుమారు 61,000 రెయిన్‌డీర్ ఆకలితో చచ్చిపోయాయి. మందంతా పోయినవాళ్లు చేపలు పట్టి బతికారు. కొమ్మలు నరికి వేద్దామంటే అక్కడ చెట్లు లేవు. చుట్టుపక్కల సముద్రంలో మంచు ముందులా గడ్డకట్టకపోవడంతో గాలిలో తేమ పెరిగి ఇలాంటి వానలు వస్తున్నాయంటున్నారు. అదే నేల కింద గ్యాస్ ఉంది. పైపులైన్లు, రైలు పట్టాలు వాళ్ల దారులకు అడ్డం పడుతున్నాయి. వాన ఒకవైపు, పట్టా ఒకవైపు.

మాది రామప్ప చెరువు కింద ఆయకట్టు. లడఖ్‌లో మంచుతో గోపురం కట్టి నీళ్లు దాచుకుంటారని టీవీలో చూశాం. అది మన చెరువు లాంటిదేనా?
— పాలంపేట నుంచి

పని అదే, పద్ధతి వేరు. మనకు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దాకా వాన, అదీ నాలుగు నెలల్లో. కాబట్టి కట్ట వేసి ఆపితే చాలు. లడఖ్‌లో వంద మిల్లీమీటర్లు దాటితే గొప్ప. వాళ్ల పంటకు నీళ్లంటే పైనున్న హిమానీనదం కరిగి వచ్చేవే. చిక్కు ఎక్కడంటే, విత్తనం వేయాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. అంత ఎత్తున మంచు కరిగి కాలువ నిండేది జూన్ తర్వాత. హిమానీనదాలు వెనక్కి, పైకి జరిగిన కొద్దీ ఈ ఎడం ఇంకా బాధపెడుతుంది.

మొదట ఆలోచించింది చెవాంగ్ నోర్ఫెల్ అనే సివిల్ ఇంజనీర్. చలికాలంలో వృథాగా పారే నీటిని నీడపట్టున ఉన్న వాలులో అడ్డుగోడలతో నెమ్మది చేసి గడ్డకట్టించాడు, 1980లలో. ఆయనకు 2015లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత సోనమ్ వాంగ్‌చుక్ బృందం 2013-14 చలికాలంలో మంచు స్తూపం చేసింది. మోటారు లేదు. పై నుంచి పైపు వేస్తారు. ఎత్తు తేడాకే నీళ్లు కింద పైపు చివర నుంచి పైకి చిమ్ముతాయి. సున్నాకు చాలా దిగువన ఉన్న ఆ చలిలో తుంపరలు పడుతూనే గడ్డకట్టి శంకువు ఆకారంలో పేరుకుంటాయి. పరిచినట్టున్న మంచు కంటే ఆ ఆకారానికి ఎండ తగిలే జాగా తక్కువ, అందుకే విత్తే కాలం దాకా నిలుస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి. రాత్రి పైపులో నీళ్లు కదలకపోతే పైపే గడ్డకడుతుంది, ఎవరో ఒకరు వెళ్లి కొట్టి వదిలించాలి. పై ఊరి నీళ్లు కింది ఊరివాళ్లు పట్టుకుంటున్నారని తగవులూ వస్తాయి.

మీకు నచ్చే సంగతి ఒకటుంది. లడఖ్ పల్లెల్లో 'చుర్పోన్' అని ఒక మనిషి ఉంటాడు. ఏ పొలానికి ఎప్పుడు, ఎంతసేపు నీళ్లు వదలాలో ఆయన మాటే మాట. మన నీరటి ఉన్నాడే, తూము తీసేవాడు, మత్తడి కాపలా కాసేవాడు, సరిగ్గా ఆ మనిషే! మన దగ్గర బోర్లు వచ్చాక నీరటిని పట్టించుకునేవాళ్లు తగ్గారు. లేహ్‌లోనూ బోర్లు వచ్చాయి, హోటళ్ల కోసం. పాతకాలపు లడఖీ ఇంట్లో మరుగుదొడ్డికి చుక్క నీళ్లు అక్కర్లేదు, కింద పడింది మట్టితో కలిసి పొలానికి ఎరువవుతుంది. మనలాంటి టూరిస్టులు వెళ్లి ఫ్లష్ కావాలంటాం, రెండుపూటలా స్నానం చేస్తాం. మీరు ఎప్పుడైనా వెళితే ఆ మరుగుదొడ్డి ఉన్న ఇంట్లోనే దిగండి. మొదటి రోజు ఇబ్బందిగా ఉంటుంది, అంతే.

మా అత్త పచ్చజొన్న విత్తనం తన అమ్మగారి ఊరు నుంచి తెచ్చుకుని ఇప్పటికీ వేస్తోంది. ప్రపంచంలోని విత్తనాలన్నీ మంచు కింద దాస్తున్నారట. మనవి కూడా ఉన్నాయా?
— ఒక పాఠకురాలు, జనగామ

ఉన్నాయి. పైన చెప్పిన స్వాల్‌బార్డ్‌లోనే, బొగ్గు ఊరు లాంగియర్‌బైన్ పక్క కొండ లోపల 2008లో విత్తన ఖజానా తెరిచారు. లోపల మైనస్ 18 డిగ్రీలు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ దగ్గర జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల రకాలు లక్షకు పైగా ఉన్నాయి, వాటిలో చాలావాటి నకళ్లు అక్కడికి వెళ్లాయి. పంపినవాళ్లు తప్ప వేరెవరూ ఆ పెట్టెలు తెరవకూడదు. ఇంతవరకు నిజంగా అవసరపడింది సిరియా యుద్ధంలో. అలెప్పో దగ్గరి విత్తన బ్యాంకులో పని సాగకుండా పోతే, వాళ్లు దాచుకున్న వాటిని 2015లో వెనక్కి తీసుకుని వేరే దేశాల్లో పెంచారు.

కరెంటు పోయినా కొండలో ఎప్పటికీ కరగని మంచునేల చల్లగా ఉంచుతుందన్న నమ్మకంతో కట్టారు దాన్ని. 2016 అక్టోబర్‌లో మంచు పడాల్సిన రోజుల్లో వాన కురిసి, సొరంగం ముఖద్వారంలోకి నీళ్లొచ్చి గడ్డకట్టాయి. విత్తనాలకేం కాలేదు. కానీ నార్వే ఖర్చుపెట్టి ఆ సొరంగాన్ని నీరు చొరబడకుండా మళ్లీ కట్టాల్సి వచ్చింది.

నా మాట అడిగితే, ఖజానా మంచిదే కానీ అందులో ఉన్నది నిద్రపోతుంది. మీ అత్తగారి జొన్న ప్రతి ఏడాదీ మీ చెలకలో మారుతున్న ఎండకూ వానకూ తట్టుకుంటూ మారుతోంది. అది ఫ్రీజర్లో జరగదు. కాబట్టి నాలుగు సాళ్లయినా ఏటా వేయండి. మంచి కంకులు ముందే ఏరి, బాగా ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి దాచడం ఆవిడకు తెలిసే ఉంటుంది, మీరు నేర్చుకోండి. రైతులు కాపాడుతున్న రకాలను వాళ్ల పేరు మీద నమోదు చేసుకునే హక్కు 2001 చట్టంలో ఉంది. మీ జిల్లా వ్యవసాయాధికారినో, మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలోనో అడగండి. వెళ్లేటప్పుడు రెండు కంకులతో పాటు పట్టా పాస్‌బుక్ జిరాక్స్ కూడా పట్టుకెళ్లండి, విత్తనం చూడకముందే అది అడుగుతారు.